బుర్రలో బరువు దించే డిజిటల్ ప్లానర్: మొదలుపెట్టడం నుంచి నిలబెట్టుకోవడం దాకా

రాత్రి పదకొండున్నరకి లైటు ఆర్పి పడుకుంటాం. కళ్లు మూతలు పడుతుండగా గుర్తొస్తుంది, పొద్దున్నే పంపాల్సిన ఫైలు ఇంకా పంపలేదని. దాని వెనకే స్కూల్లో సంతకం పెట్టి ఇవ్వాల్సిన ఫారం. ఆ తర్వాత పంటి డాక్టరు అపాయింట్‌మెంట్, మార్చాల్సిన పాస్‌వర్డ్, ఫోన్ చేస్తానని చెప్పి చెయ్యని స్నేహితురాలు. వీటిలో ఒక్కటి కూడా ఆ రాత్రి అయ్యే పని కాదు. అయినా మర్చిపోతామేమో అన్న బెంగతో మనసు ఒక్కోదాన్నీ మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు తెచ్చి పెడుతూనే ఉంటుంది. తెల్లారి లేచేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. పనులు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

నేను డిజిటల్ ప్లానర్ మొదలుపెట్టింది ఎక్కువ పనులు తెమలాలని. రోజుకి పదిహేను, పదహారు పనులు రాసుకునేదాన్ని. అందులో ఆరో ఏడో అయ్యేవి. మిగిలినవి మర్నాటికి చేరేవి. కొన్ని నెలలకి యాప్ తెరవగానే గడువు దాటిన పనుల పక్కన ఎర్రగా 143 అని కనిపించింది. ఆ అంకె చూస్తే గుండె దడదడలాడేది, అందుకే యాప్ తెరవడమే మానేశాను. మళ్లీ మొదలుపెట్టినప్పుడు దాన్ని వేరే లెక్కలో వాడాను. గుర్తుపెట్టుకునే చాకిరీ నా నెత్తి మీంచి దిగితే చాలనుకున్నాను. అప్పటి నుంచి నిద్ర బాగుపడింది, టైము కూడా కొంత మిగలసాగింది. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ముందుగా: ఏ ప్లానర్?

దీని మీద రెండు మూడు రోజులకి మించి ఆలోచించకండి. డిజిటల్ ప్లానర్లు స్థూలంగా మూడు రకాలు. గూగుల్ క్యాలెండర్ లాంటివి గంటల ప్రకారం రోజును చూపిస్తాయి. మైక్రోసాఫ్ట్ టు డూ, టోడోయిస్ట్ లాంటివి పనుల లిస్టులు. మూడోది ట్యాబ్లెట్ మీద పెన్నుతో రాసుకునే పీడీఎఫ్ ప్లానర్, గుడ్‌నోట్స్ లాంటి యాప్‌లో తెరిచేది. చేత్తో రాస్తేనే మనసు కుదుటపడే వాళ్లకి అది బాగుంటుంది, కానీ మామూలు పీడీఎఫ్ టైముకి మోగి గుర్తు చెయ్యదు. అందుకని దాన్ని వాడేవాళ్లు కూడా అపాయింట్‌మెంట్లు మాత్రం క్యాలెండర్‌లో పెట్టుకోవాలి.

నా సలహా అడిగితే, ఫోన్‌లో ఇప్పటికే ఉన్న క్యాలెండర్‌తో, దాంతో పాటు వచ్చే టాస్కుల లిస్టుతో మొదలుపెట్టండి. కొత్త యాప్‌లు వెతకడం, రంగులు మార్చడం, టెంప్లేట్లు దించుకోవడం, ఇవన్నీ పని చేస్తున్నామన్న భ్రమ కలిగిస్తాయి. ఒక నెల వాడాక ఏం తక్కువైందో మీకే తెలుస్తుంది, అప్పుడు మారినా నష్టం లేదు. చాలా క్యాలెండర్లు ఐసీఎస్ అనే ఫైలు రూపంలో సమాచారాన్ని బయటికి ఇస్తాయి కాబట్టి ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి తీసుకెళ్లడం పెద్ద కష్టం కాదు.

మొదటి రోజే చూసుకోవాల్సింది ఒకటుంది. మనసు బాగోలేదని, డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని రాసుకునేవి ఆఫీసు అకౌంట్‌లో ఉండకూడదు. ఆఫీసు ఇచ్చిన అకౌంట్‌లో ఏముందో చూసే అధికారం సంస్థకి ఉండొచ్చు. సొంత అకౌంట్ వాడండి, ఫోన్‌కి లాక్ పెట్టుకోండి. ఆఫీసు క్యాలెండర్‌లో ఆ సమయాన్ని 'బిజీ' అని మాత్రం ఆపి ఉంచండి, అంతకంటే ఎవరికీ తెలియక్కర్లేదు.

మొదటి మెట్టు: బుర్ర ఖాళీ చెయ్యడం

ఇరవై నిమిషాలు ఎవరూ కదిలించని చోట కూర్చోండి. మనసులో తిరుగుతున్న ప్రతిదీ ఒకే లిస్టులో రాసేయండి. వరస వద్దు, ముఖ్యమా కాదా అన్న తర్జనభర్జన వద్దు. 'బల్బు మార్చాలి' పక్కనే 'ఉద్యోగం మారాలా?' అని ఉన్నా ఫర్వాలేదు. మొదటి ఐదు నిమిషాలు పనులు గలగలా వచ్చేస్తాయి. తర్వాత కాసేపు ఏమీ రాదు. అక్కడ లేచి వెళ్లిపోకండి. లోపల అడుగున పడి నలుగుతున్నవి సాధారణంగా ఆ తర్వాతే పైకి వస్తాయి.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, మన మనసు ఒకేసారి పట్టుకుని ఉంచగలిగేది చాలా తక్కువ. నెల్సన్ కోవన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో వేసిన లెక్క ప్రకారం అది దాదాపు నాలుగు విషయాలు. మనం మోయాలని చూసేదేమో నలభై. పైగా సగంలో ఆగిన పని మనసుని వదలదు. 1927లో బ్లూమా జైగార్నిక్ బెర్లిన్‌లో చేసిన ప్రయోగాల్లో, పూర్తయిన పనుల కంటే మధ్యలో ఆపేసిన పనులే జనానికి ఎక్కువగా గుర్తున్నాయని తేలింది. తర్వాతి ప్రయోగాల్లో అన్నిసార్లూ అదే ఫలితం రాలేదు కానీ, మనకి పనికొచ్చే సంగతి 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. మిగిలిపోయిన పని పూర్తి కాకపోయినా, దాన్ని ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా అనుకుంటే చాలు, ఆ పని మధ్యలో వచ్చి మనసుని పీకడం తగ్గిపోయింది. అంటే మనసు అడుగుతున్నది పని అయిపోవాలని కాదు, దానికో దారి ఉందన్న భరోసా.

ఇకనుంచి కొత్త పని ఏది తగిలినా ఈ లిస్టులోనే పడాలి. చీటీల మీద సగం, తనకి తాను పంపుకున్న మెసేజీల్లో సగం ఉంటే మనసు ప్లానర్‌ని నమ్మదు. నమ్మకం కుదరకపోతే అది మళ్లీ రాత్రిపూట కాపలా కాయడం మొదలుపెడుతుంది.

రెండో మెట్టు: కొండంత పనిలోంచి ఒక్క రాయి

లిస్టులో కొన్ని వారాల తరబడి కదలవు. వాటిని సరిగ్గా చూస్తే అవి పనులు కావు, పనుల మూటలు. నా లిస్టులో 'ఇన్సూరెన్స్ క్లెయిమ్' అని ఒకటి పంతొమ్మిది రోజులు అలాగే ఉంది. రోజూ దాన్ని చూసి మొహం తిప్పుకునేదాన్ని. ఒక సాయంత్రం దాన్ని తెరిచి, అసలు ముందుగా నా చెయ్యి ఏం చెయ్యాలి అని అడుక్కున్నాను. బీరువాలో నీలం ఫైలు తియ్యాలి. అందులో బిల్లు ఉందో లేదో చూడాలి. ఉంటే ఫోన్‌తో ఫోటో తియ్యాలి. అంతే. 'ఇన్సూరెన్స్ క్లెయిమ్' కొట్టేసి, 'నీలం ఫైలులో బిల్లు వెతికి ఫోటో తీయడం, 10 నిమిషాలు' అని రాశాను. ఆ రాత్రే అయిపోయింది. బిల్లు వెనక పేజీ లేదని కూడా అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ నన్ను ఆపింది ఆ పేజీ కాదు, మొదలెక్కడో తెలియకపోవడం.

అందుకే ప్రతి పనినీ క్రియతో రాయండి: పంపడం, అడగడం, ఫోన్ చెయ్యడం, ప్రింటు తీయడం. 'బ్యాంకు' అని రాస్తే భయం వేస్తుంది. 'బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఎప్పుడొస్తుందో అడగడం' అని రాస్తే చెయ్యాలనిపిస్తుంది. మొదటి అడుగు పదిహేను, ఇరవై నిమిషాల్లో అయ్యేదిగా ఉంటే చాలు. తర్వాతి అడుగులన్నీ ఇప్పుడే రాయక్కర్లేదు.

దానికి ఎప్పుడు, ఎక్కడ అన్నవి కూడా చేర్చండి. 'ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను' అని ముందే ముడిపెట్టుకునే పద్ధతి మీద పీటర్ గోల్‌విట్జర్ చాలా ఏళ్లు పరిశోధన చేశారు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే, అలా ముడిపెట్టుకున్నవాళ్లు అనుకున్నది చెయ్యడం చెప్పుకోదగ్గంతగా పెరిగింది. 'వ్యాయామం చెయ్యాలి' కంటే 'పొద్దున పళ్లు తోముకోగానే బూట్లు వేసుకుని పది నిమిషాలు నడుస్తాను' అన్నది నిలబడుతుంది.

మూడో మెట్టు: ముందు నిద్ర, తర్వాతే మిగతావి

చాలామంది క్యాలెండర్‌లో ముందు మీటింగులు పెడతారు, ఆ తర్వాత పనులు, మిగిలితే విశ్రాంతి. మిగలదు. తలకిందులుగా చెయ్యండి. నిద్రపోయే వేళ, లేచే వేళ ముందు పెట్టండి. పెద్దవాళ్లకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి, ఆ గడిని ఎవరూ తాకకూడదు. ఆ తర్వాత భోజనం, మందులు వేసుకునే వేళలు, రాకపోకలకి పట్టే సమయం. ఇవన్నీ 'ప్రతిరోజూ' అని ఒక్కసారి పెడితే చాలు, మళ్లీ రాయక్కర్లేదు. డిజిటల్ ప్లానర్‌తో ఇదే హాయి.

ఇవి పెట్టగానే రోజులో మీకు నిజంగా ఎంత సమయం ఉందో కనిపిస్తుంది. నాకైతే ఆ రోజు కళ్లు తెరుచుకున్నాయి. పన్నెండు గంటలున్నాయనుకున్న చోట, నా చేతిలో ఉన్నది నాలుగున్నర గంటలు. ఇన్నాళ్లూ ఆ నాలుగున్నర గంటల్లో పదహారు పనులు ఇరికించి, అవ్వలేదని నన్ను నేను తిట్టుకుంటూ వచ్చాను.

నాలుగో మెట్టు: మన అంచనా తప్పని ముందే ఒప్పుకోవడం

పనికి ఎంత సమయం పడుతుందో ఊహించడంలో దాదాపు అందరం తక్కువే వేసుకుంటాం. దీన్ని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే గుర్తించి పేరు పెట్టారు. 1994లో రోజర్ బ్యూలర్ బృందం చేసిన అధ్యయనంలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులు సగటున దాదాపు 34 రోజుల్లో ముగిస్తామన్నారు. పట్టింది 55 రోజుల పైనే. తెలివైనవాళ్లు, కష్టపడేవాళ్లు, అయినా లెక్క తప్పింది. కాబట్టి పని ఆలస్యమైతే అది మీ బద్ధకమని వెంటనే తీర్పు చెప్పేసుకోకండి. ముందు అంచనాను అనుమానించండి.

ఒక వారం పాటు ప్రతి పని పక్కన రెండు అంకెలు రాయండి: ఎంత అనుకున్నాను, ఎంత పట్టింది. నాకు రిపోర్టులకి దాదాపు రెట్టింపు పడుతుందని, ఫోన్ కాల్స్ మాత్రం అనుకున్నదానికంటే ముందే అయిపోతాయని తేలింది. మీ అంకెలు వచ్చేదాకా, ఏ పనికైనా అనుకున్న దానికి సగం కలిపి గడి పెట్టండి. గంట అనుకుంటే గంటన్నర.

దీంతోపాటు రోజులో మూడో వంతు ఖాళీగా వదలండి. మొన్నటి నా మంగళవారం ఇలా ఉంది:

9:30 – 11:00 రిపోర్టు రెండో భాగం
11:00 – 11:45 ఖాళీ
11:45 – 12:15 మెయిళ్లు
12:15 – 1:00 మీటింగ్
1:00 – 2:00 భోజనం, కాస్త నడక
2:00 – 3:00 లెక్కలు సరిచూడటం
3:00 – 4:30 ఖాళీ
4:30 – 5:00 మెయిళ్లు, రేపటి లిస్టు

చూసేవాళ్లకి ఆ ఖాళీలు వృథా అనిపిస్తాయి. ఆ రోజు జరిగిందేమిటంటే, 11:10కి స్కూలు నుంచి ఫోన్ వచ్చింది, పాపకి జ్వరం. నేను వెళ్లి తీసుకొచ్చి పడుకోబెట్టేసరికి 12:40 అయింది. మెయిళ్లు, మీటింగ్ పోయాయి. మధ్యాహ్నం మూడింటి ఖాళీలో మెయిళ్లు చూసి, మీటింగ్‌లో ఏం అనుకున్నారో కనుక్కున్నాను. ఐదింటికి ఆ రోజు పని ఏదీ మిగల్లేదు. అదే గడులన్నీ నిండి ఉంటే, ఒక్క ఫోన్ కాల్‌కి రోజంతా కూలిపోయేది, పాప పక్కన కూర్చున్నా మనసు స్క్రీన్ మీదే ఉండేది.

రోజుకి ముఖ్యమైన పనులు మూడు చాలు. ఆ మూడూ అయ్యాక ఓపికుంటే లిస్టులోంచి ఇంకోటి తీసుకోవచ్చు. బుర్ర బాగా పనిచేసే వేళ ఎవరికి వారికి వేరు. పొద్దున చురుగ్గా ఉండేవాళ్లు కష్టమైన పనిని పొద్దునే పెట్టుకోవాలి, ఫారాలు నింపడం లాంటివి నీరసం వచ్చే వేళకి వదలాలి.

ఐదో మెట్టు: మనసు కోసం పెట్టే గడులు

ఈ మెట్టు దగ్గర కాసేపు ఆగుదాం. చాలామంది ప్లానర్లలో ఇది ఉండనే ఉండదు.

మనసు కుంగినప్పుడు మనం ముందు మానేసేవి ఇష్టమైన పనులే. స్నేహితులతో మాట్లాడటం, పాటలు వినడం, సాయంత్రం బయటికి వెళ్లడం. 'మూడ్ బాగుపడ్డాక చేద్దాంలే' అనుకుంటాం. అవి మానేసే కొద్దీ రోజులో సంతోషం కలిగించేది ఏదీ మిగలదు, మనసు ఇంకా కుంగుతుంది. 1970లలో పీటర్ లూయిన్‌సన్ డిప్రెషన్‌ని ఈ కోణంలోంచే వివరించారు. దాని నుంచి వచ్చిన చికిత్స పద్ధతిలో, మూడ్ కోసం ఎదురుచూడకుండా చిన్న చిన్న పనులను రోజువారీ పట్టికలో పెట్టి, ముందు చెయ్యడం మొదలుపెడతారు. 1996లో నీల్ జేకబ్‌సన్ బృందం పోల్చి చూసినప్పుడు, పనులను ఇలా పట్టికలో పెట్టి చేయించే భాగం ఒక్కటే, ఆలోచనలను కూడా మార్చే పూర్తి చికిత్సతో సమానంగా పనిచేసింది. మన చేతిలో ఉన్న ప్లానర్ అచ్చంగా అలాంటి పట్టికే కదా.

చేసే తీరు ఇది. వారానికి నాలుగైదు చిన్న గడులు పెట్టండి. ఒక్కోటి పది నుంచి ముప్పై నిమిషాలు. సగం ఇష్టమైనవి, సగం 'హమ్మయ్య, ఇది చేశాను' అనిపించేవి. మొక్కలకి నీళ్లు పొయ్యడం, అక్కకి ఫోన్ చెయ్యడం, అల్మరాలో ఒక్క అర సర్దడం, డాబా మీద పది నిమిషాలు నిలబడటం. చేశాక రెండు అంకెలు వెయ్యండి: ఎంత ఆనందం కలిగింది, ఎంత సాధించాననిపించింది. సున్నా నుంచి పది దాకా. డిప్రెషన్‌కి ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు రూపొందించిన చికిత్సలో కూడా ఈ రెండిటినే అంకెలతో కొలుస్తారు. చెయ్యకముందు 'దీనివల్ల ఏం ఒరుగుతుంది' అనిపించిన పనికి, చేశాక ఐదో ఆరో వెయ్యడం చూస్తారు. కుంగిన మనసు ముందుగా వేసే లెక్క నమ్మదగ్గది కాదని మీ చేతిరాతే మీకు చూపిస్తుంది.

రెండోది, దిగులుకి ఒక వేళ. 1983లో థామస్ బోర్కొవెక్, ఆయన సహచరులు పరీక్షించిన పద్ధతి ఇది. రోజూ ఒకే వేళకి, ఒకే చోట, అరగంట దిగులు పడటానికే కేటాయిస్తారు. మిగతా రోజంతా దిగులు వస్తే దాన్ని ఆ వేళకి వాయిదా వేస్తారు. నేను ప్లానర్‌లో 'దిగుళ్లు' అని ఒక లిస్టు పెట్టాను, సాయంత్రం 5:30 నుంచి 5:50 దాకా ఒక గడి. మధ్యాహ్నం 'ఆ మెయిల్‌కి బాస్ ఎందుకు జవాబివ్వలేదు' అని మొదలైతే ఒక్క లైను అందులో రాసి పనిలోకి వెళ్తాను. 5:30కి లిస్టు తెరుస్తాను. సగానికి పైగా అప్పటికే వాడిపోయి ఉంటాయి. మిగిలిన వాటిలో మనం ఏదైనా చెయ్యగలిగేది ఉంటే అది పనుల లిస్టులోకి పోతుంది. చెయ్యగలిగేది లేకపోతే అక్కడే కూర్చుని దాని గురించి దిగులు పడతాను, టైము అవ్వగానే లేస్తాను. ఈ గడిని పడుకునే ముందు మాత్రం పెట్టకండి.

మూడోది మూడ్ నమోదు. రోజుకి ఒక్కసారి, ఒక అంకె, ఒక్క లైను. '4. నిద్ర తక్కువ, రోజంతా మీటింగులు.' గంటగంటకీ రాయడం వద్దు. ఎప్పుడూ నాడి పట్టుకుని కూర్చుంటే లేని గాభరా కూడా మొదలవుతుంది. మూడు వారాలయ్యాక ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. నా విషయంలో తక్కువ అంకెలన్నీ, ముందురోజు రాత్రి పన్నెండు దాకా పని చేసిన రోజులకి పక్కపక్కనే ఉన్నాయి. అన్నాళ్లూ నా స్వభావమే అంత అనుకున్నది, సగం నిద్రలేమి అని అలా తెలిసింది.

ఆరో మెట్టు: మోగేవి తగ్గించడం

ప్రతి పనికీ రిమైండర్ పెడితే రెండు రోజుల్లో చెవులు వాటిని వినడం మానేస్తాయి. టైము తప్పితే నష్టం జరిగేవాటికే మోగనివ్వండి: మందులు, మీటింగులు, పిల్లల్ని తీసుకురావడం, చివరి తేదీలు. బయటికి వెళ్లాల్సినవాటికి రెండు పెట్టండి, ఒకటి ముందురోజు సాయంత్రం, ఇంకోటి బయల్దేరే వేళకి. మీటింగ్ వేళకి మోగితే అప్పటికే ఆలస్యం. ఏడీహెచ్‌డీ (ఒక పని మీద ధ్యాస నిలపడం కష్టమయ్యే సమస్య) ఉన్నవాళ్లకి సమయం ఎంత గడిచిందో తెలియకుండా జారిపోవడం మామూలే. వాళ్లు పని మొదలుపెట్టడానికి ఒకటి, ఆపడానికి ఒకటి పెట్టుకుంటే మేలు.

యాప్ ఐకాన్ మీద కనిపించే ఎర్ర అంకెను ఫోన్ సెట్టింగ్స్‌లో ఆపేయండి. మెయిళ్లు చూడటానికి రోజుకి మూడు వేళలు పెట్టుకోండి. 2015లో కోస్టాడిన్ కుష్లెవ్, ఎలిజబెత్ డన్ 124 మందితో చేసిన అధ్యయనంలో, మెయిల్ రోజుకి మూడుసార్లే చూసిన వారంలో వాళ్ల ఒత్తిడి తగ్గింది.

ఏడో మెట్టు: సాయంత్రం పది నిమిషాలు

ప్లానర్ బతికేది దీనివల్లే. సాయంత్రం పని ముగించే ముందు పది నిమిషాలు కూర్చుని, అయినవాటికి టిక్ పెట్టండి, కానివాటిని తేల్చండి, రేపటి మూడు పనులు ఎంచండి. మైఖేల్ స్కల్లిన్ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగంలో 57 మంది యువతీ యువకులు పడుకునే ముందు ఐదు నిమిషాలు రాశారు. కొందరు రాబోయే రోజుల్లో చెయ్యాల్సినవి, కొందరు అప్పటికే చేసేసినవి. చెయ్యాల్సినవి రాసినవాళ్లు సగటున తొమ్మిది నిమిషాలు ముందు నిద్రలోకి జారుకున్నారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. పడక మీద ఫోన్ పట్టుకుంటే మాత్రం లిస్టు రాసి ఊరుకోం, వేలు ఇంకెక్కడికో పోతుంది. అందుకే ప్లానర్ పని సాయంత్రమే ముగించి, మంచం పక్కన చిన్న కాగితం, పెన్ను పెట్టుకోండి. రాత్రి ఏదైనా గుర్తొస్తే దాని మీద గీకి, పొద్దున ప్లానర్‌లోకి ఎక్కించండి.

కాని పనులను యాప్ తనంతట తాను మర్నాటికి తోసేయకుండా చూడండి, అలా తోసే సెట్టింగ్ ఉంటే ఆపండి. నా 143 అలాగే పుట్టింది. ఒక్కో పనినీ మీరే చేత్తో తీసి, నాలుగు దారుల్లో ఒకటి చూపించండి: ఇంకా చిన్నది చెయ్యడం, ఫలానా రోజుకి మార్చడం, వేరేవాళ్లకి అప్పగించడం, లేదా తీసేయడం. మూడోసారి వాయిదా పడిన పనిని అలాగే నాలుగోసారి ముందుకు జరపకండి. అది మీకు ఏదో చెప్తోంది. పని మరీ పెద్దదై ఉండాలి, లేకపోతే చెయ్యాలని మీకు నిజంగా లేదు, లేదా దాంట్లో మీరు భయపడుతున్నది ఏదో ఉంది. భయమైతే ఆ మాట కూడా పక్కన రాయండి, ఎవరితోనైనా మాట్లాడటానికి అది పనికొస్తుంది.

వారానికి ఒకసారి అరగంట కూర్చుని రాబోయే వారాన్ని చూసుకోవడం కూడా ఇంతే ముఖ్యం. ఇంట్లో పనులన్నీ ఒక్కరి బుర్రలోనే ఉంటే, ఆ అరగంట ఇద్దరూ కలిసి కూర్చోండి. ఫీజు కట్టే తేదీ, టీకా తేదీ, గ్యాసు అయిపోయే వేళ, ఇవన్నీ గుర్తుపెట్టుకోవడమూ ఒక చాకిరీయే, అది కంటికి కనబడదు. ఇద్దరికీ కనిపించే ఉమ్మడి క్యాలెండర్‌లో ప్రతి పని పక్కన ఎవరు చేస్తారో పేరు రాయండి. పేరున్నవాళ్లే దాన్ని గుర్తుపెట్టుకుని చెయ్యాలి. 'నువ్వు గుర్తుచేస్తే చేస్తాను' అంటే బరువు ఎక్కడిదక్కడే ఉన్నట్టు.

మంచం దిగలేని రోజులకి

అలాంటి రోజులు వస్తాయి. బాగున్నప్పుడే వాటికోసం ఒక చిన్న లిస్టు తయారుచేసి దాచుకోండి. నా దాంట్లో నాలుగు లైన్లే ఉన్నాయి: డాక్టరు రాసిన మందులు వేసుకోవడం. ఏదో ఒకటి తినడం. స్నానం లేదా మొహం కడుక్కోవడం. ఒక్కరికి 'ఇవాళ బాగోలేదు' అని మెసేజ్ పెట్టడం. ఆ రోజు మిగతా పనులన్నిటినీ ఎంచి ఒకేసారి వచ్చే వారానికి జరిపేస్తాను. ఆ నాలుగూ అయితే ఆ రోజు పూర్తయినట్టే. మెసేజ్ కూడా ముందే రాసిపెట్టుకోండి, ఆ రోజు మాటలు వెతుక్కునే ఓపిక ఉండదు.

మధ్యలో వారం పది రోజులు ప్లానర్ తెరవలేదనుకోండి. వెనకబడ్డవన్నీ నింపడానికి కూర్చోకండి. పాతవాటిని 'పాతవి' అన్న లిస్టులోకి నెట్టేసి, మొదటి మెట్టు మళ్లీ చెయ్యండి. నిజంగా ముఖ్యమైనవి బుర్రలోంచి మళ్లీ వస్తాయి.

ప్లానర్‌ని రోజుకి ఇరవై సార్లు తెరుస్తున్నారా? ఒక్క గడి తప్పినా రోజంతా పాడైనట్టు అనిపిస్తోందా? విశ్రాంతి తీసుకోవడం కూడా టిక్ పెట్టుకోవడానికే చేస్తున్నారా? అప్పుడు అది బరువు దించడం మాని తనే బరువైందన్నమాట. అపాయింట్‌మెంట్లు తప్ప మిగతావన్నీ ఒక వారం ఆపండి. తర్వాత రోజుకి ఒక్క పనితో తిరిగి మొదలుపెట్టండి.

డాక్టరు అవసరమైనప్పుడు

ప్లానర్ రోజుని సర్దగలదు, జబ్బుని నయం చెయ్యలేదు. రెండు వారాలకి పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, నిద్ర, ఆకలి బాగా మారిపోయినా, చిన్న పనులు కూడా చెయ్యలేకపోతున్నా డాక్టరునో సైకాలజిస్టునో కలవండి. ఆ అపాయింట్‌మెంట్ తీసుకోవడమే ఆ రోజు మూడు పనుల్లో మొదటిది కావాలి. వెళ్లేటప్పుడు మూడ్ అంకెలు, నిద్ర వేళలు, వేసుకుంటున్న మందులు ఒక పేజీలో తీసుకెళ్లండి. ఎదురుగా కూర్చున్నప్పుడు 'ఎప్పటి నుంచి?' అని అడిగితే చాలామందికి జవాబు తోచదు. ఆ పేజీ మీ తరఫున చెప్తుంది.

చనిపోవాలనిపిస్తున్నా, మీకు మీరు హాని చేసుకుంటారేమో అనిపిస్తున్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. వెంటనే ఇంట్లోవాళ్లలో ఒకరికి చెప్పండి, మీరున్న చోటి ఎమర్జెన్సీ నెంబరుకో ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కో ఫోన్ చెయ్యండి. ఆ నెంబర్లు, మీ డాక్టరు నెంబరు, ఏ అర్ధరాత్రి అయినా ఫోన్ ఎత్తే ఇద్దరి నెంబర్లు కలిపి ప్లానర్‌లో ఒక నోటు రాసి, అన్నిటికంటే పైన కనిపించేలా పిన్ చేసి పెట్టండి. మనసు బాగున్న రోజునే పెట్టండి, మూడు నిమిషాల పని. మీ ఇంట్లో ఒకరికి ఆ నోటు ఎక్కడుందో చూపించండి.